ఒక ఊరి మాట దేశభాష అయిన కథ

క్రీ.శ. 960 మార్చి. దక్షిణ ఇటలీలోని కాపువా పట్టణంలో ఆరెకీసి అనే న్యాయమూర్తి ముందుకు ఒక భూతగాదా వచ్చింది. ఒకవైపు మోంతెకసీనో మఠాధిపతి అలిజెర్నో, మరోవైపు అక్వీనోకు చెందిన రొదెల్‌గ్రిమో. 883లో అరబ్బు దళాలు మఠాన్ని నాశనం చేస్తే సన్యాసులు మొదట తేయానోలో, తరువాత కాపువాలో తలదాచుకున్నారు. దశాబ్దాల తరువాత మఠానికి తిరిగి వచ్చేసరికి భూముల మీద పేచీలు కాచుకుని ఉన్నాయి. అవి తన పెద్దలనుంచి వచ్చిన భూములని రొదెల్‌గ్రిమో వాదించాడు. ముప్ఫై ఏళ్లుగా మఠం అనుభవంలో ఉన్నాయని అలిజెర్నో బదులిచ్చాడు. ముగ్గురు సాక్షులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, హద్దులు రాసిన పత్రం చేతపట్టుకుని, ఒకే వాక్యాన్ని ప్రమాణంగా పలికారు. తీర్పు మఠం వైపు వచ్చింది.

ఆ దస్తావేజంతా లాటిన్‌లో ఉంది. సాక్షుల ప్రమాణం మాత్రం ఆ ప్రాంతపు జనం మాట్లాడుకునే మాటలో ఉంది. రాసినవాళ్లకు లాటిన్ రాక అలా రాయలేదు. అక్కడ చేరినవాళ్లందరికీ, రేపు మళ్లీ తగాదా తేగలవాళ్లకూ నేరుగా అర్థం కావాలని రాశారు. లాటిన్ వేరు, జనం మాట వేరు అని తెలిసి, రెండింటినీ ఒకే పత్రంలో దేని చోటులో దాన్ని ఉంచిన దస్తావేజు ఇది. అందుకే దీన్ని ఇటాలియన్ భాష జన్మపత్రం అంటారు.

అయితే ఆ వాక్యం నేటి ఇటాలియన్‌కు మూలమైన ఫ్లోరెన్స్ మాట కాదు. నేపుల్స్ చుట్టుపక్కల ఉన్న కంపానియా సీమ మాట. ఇటాలియన్ చరిత్ర పొడుగునా ఇలాగే జరిగింది. భాష ఫ్లోరెన్స్‌దే. దాన్ని దేశభాషగా నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది మాత్రం సిసిలీ, వెనిస్, ఫెరారా, మిలాన్ వాళ్లు. తమ ఇళ్లలో వేరే మాట మాట్లాడుకునేవాళ్లు పట్టుబట్టి నిలబెట్టిన భాష ఇది.

పంతులు తప్పన్న మాటలే నిలిచాయి

రోమన్ సైన్యాలతో, వర్తకులతో, వలస రైతులతో లాటిన్ సామ్రాజ్యం నలుమూలలకూ వెళ్లింది. వాళ్ల నోట పలికిన లాటిన్ సిసెరో గ్రంథాల్లోని లాటిన్ కాదు. ఆ తేడా ఎలా ఉండేదో చెప్పే పట్టిక ఒకటి క్రీ.శ. 700 ప్రాంతపు రాతప్రతిలో మిగిలింది. పేరు తెలియని పంతులొకరు 227 పదాలను వరసగా రాసి, ఇలా అనాలి, అలా అనకూడదు అని దిద్దుకుంటూ వెళ్లాడు. కన్నును ‘ఓకులుస్’ అనాలి, ‘ఓక్లుస్’ అనకూడదు. అద్దాన్ని ‘స్పెకులుమ్’ అనాలి, ‘స్పెక్లుమ్’ అనకూడదు. జనం ఆయన మాట వినలేదు. నేటి ఇటాలియన్‌లో కన్ను ‘ఓక్యో’, అద్దం ‘స్పెక్యో’. రెండూ ఆయన తప్పని కొట్టేసిన రూపాలనుంచే వచ్చాయి.

813 నాటికి ఆ దూరం ఎంత పెరిగిందంటే, ఫ్రాన్స్‌లోని తూర్ నగరంలో సమావేశమైన బిషప్పులు, చర్చి ప్రసంగాలను జనానికి అర్థమయ్యే పల్లె మాటలోకి మార్చి చెప్పాలని తీర్మానించారు.

ఇటలీలో ఈ మార్పు ఒకే దారిన నడవలేదు. మధ్యలో అపెనైన్ కొండలు, చుట్టూ దీవులు. దానికి తోడు ఉత్తరాన లాంబార్డులు, దక్షిణాన బైజాంటైన్లు, సిసిలీలో అరబ్బులు, తరువాత నార్మన్లు, ఇలా ఒక్కో సీమకు ఒక్కో ఏలిక. వందను లాటిన్‌లో ‘కెంతుమ్’ అనేవారు. సార్డీనియా దీవి నడిమి భాగంలో అది ‘కెంతు’గానే ఉండిపోయింది. ఫ్లోరెన్స్‌లో ‘చెంతో’, సిసిలీలో ‘చెంతు’, వెనిస్‌లో ‘సెంతో’ అయింది. మిలాన్‌లో చివరి అచ్చు రాలిపోయి ‘చెంత్’గా మిగిలింది.

పడమటి తీరాన లా స్పేజియా నుంచి తూర్పు తీరాన రీమినీ దాకా భాషావేత్తలు ఒక గీత గీస్తారు. ఆ గీతకు ఉత్తరాన పియెమోంతె, లొంబార్దియా, లిగూరియా, ఎమీలియా సీమల మాటలు చాలా లక్షణాల్లో ఫ్రెంచికి దగ్గర. చాలాచోట్ల పదం చివరి అచ్చులు రాలిపోతాయి, పదం మధ్యలోని ‘క’ ‘గ’గా మారుతుంది. ఫ్లోరెన్స్‌లో నిప్పు ‘ఫువోకో’ అయితే వెనిస్‌లో ‘ఫోగో’. బహువచనం చేసే తీరు కూడా వేరు. ఫ్లోరెన్స్‌లో కుక్క ‘కానె’, కుక్కలు ‘కాని’. సార్డీనియాలో స్పానిష్‌లో లాగా చివర సకారం చేరి ‘కానెస్’ అవుతుంది. నేపుల్స్‌లో పదాంతపు అచ్చులు మసకబారిపోవడంతో పదం లోపలి అచ్చే ఆ తేడా చూపిస్తుంది. నెల ‘మేసె’, నెలలు ‘మీసె’.

పదాలు అచ్చుతో ముగుస్తాయని మన తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నారు. ఆ పోలిక ఫ్లోరెన్స్ మాటకూ సిసిలీ మాటకూ చక్కగా అమరుతుంది. మిలాన్ మాటకు అమరదు. ఇటలీలో ఒక్క ఇటాలియనే లేదనడానికి ఇంతకన్నా సులువైన రుజువు మనకు అక్కర్లేదు. ఈ సీమల మాటల్లో ఏదీ ఇటాలియన్‌లోంచి పుట్టింది కాదు. అన్నీ నేరుగా లాటిన్‌కు పుట్టిన అక్కచెల్లెళ్లు.

సిసిలీ కవులు, తస్కనీ లేఖకులు

ఇటలీ నేల మీద జనం మాటలో తొలి కవితా సంప్రదాయం వెలసింది సిసిలీ రాజ్యంలో. 1230 నుంచి 1250 దాకా చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ దర్బారులో కొలువు చేసే నోటరీలు, న్యాయాధికారులు సిసిలీ మాటలో ప్రేమకవితలు రాశారు. వారిలో జాకోమో దా లెంతీనీ అనే నోటరీ చేతిలో 14 పాదాల సానెట్ పుట్టింది. ఆ తరువాతే అది పెట్రార్కు దగ్గరకూ, ఇంగ్లండులో షేక్‌స్పియర్ దగ్గరకూ వెళ్లింది.

ఫ్రెడరిక్ 1250లో మరణించాడు. 1266లో ఆయన కొడుకు మాన్‌ఫ్రెడ్ యుద్ధంలో కూలడంతో ఆ వంశం పాలన దాదాపుగా ముగిసింది. కవితలు మాత్రం ఫ్లోరెన్స్ ఉన్న తస్కనీ సీమ చేరాయి. అక్కడి లేఖకులు నకలు రాస్తూ తమకు అలవాటైన పలుకుబడిలోకి మార్చేశారు. సిసిలీ మాటలో నొక్కి పలికే అచ్చులు ఐదే. తస్కనీలో ఏడు. కలిగి ఉండటం అనే అర్థంలో ‘అవీరి’, సేవించడం అనే అర్థంలో ‘సెర్వీరి’ సిసిలీలో చక్కని అంత్యప్రాస. తస్కనీ నకళ్లలో అవి ‘అవేరె’, ‘సెర్వీరె’ అయ్యాయి. ప్రాస చెడింది. తరువాతి కవులకు ఈ సంగతి తెలియదు. గురుతుల్యులైన పూర్వకవులు అలా రాశారు కాబట్టి అలా రాయవచ్చుననుకుని, దాన్ని ‘సిసిలీ ప్రాస’గా నియమంలో చేర్చుకున్నారు. దాంతే, పెట్రార్కు కూడా వాడారు. 16వ శతాబ్దంలో జొవాన్నీ మరీయా బర్బియేరీ అనే పండితుడు ఒక పాత ప్రతినుంచి కొన్ని కవితలను ఎత్తి రాయబట్టే అసలు సిసిలీ రూపం ఎలా ఉండేదో ఇవాళ చూడగలుగుతున్నాం.

వెతికినవాడికి దొరకలేదు, రాసినవాడికి దొరికింది

దాంతే అలిగియేరీ 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. 1302లో రాజకీయ ప్రత్యర్థులు ఆయనను ఊరినుంచి వెళ్లగొట్టారు. ప్రవాసంలో ఊరూరా తిరుగుతూ, తలో చోట తలో మాట విన్నాడు. ఆ అనుభవంతో 1303-1305 ప్రాంతంలో జనం మాటకున్న శక్తి గురించి ఒక గ్రంథం మొదలుపెట్టాడు. పేరు ‘దె వుల్గారి ఎలొక్వెంతియా’. పండితులను ఒప్పించాలి కాబట్టి దాన్ని లాటిన్‌లోనే రాశాడు. అపెనైన్ కొండలకు ఇటు, అటు కలిపి ఇటలీలో 14 ముఖ్య మాండలికాలున్నాయని లెక్కకట్టాడు. దేశానికంతటికీ తగిన ఉదాత్తమైన మాట ఏదని ఒక్కొక్కదాన్నే పరీక్షించి, ఏదీ చాలదని తేల్చాడు. తన తస్కనీ మాటను కూడా వదల్లేదు. ఆ గ్రంథం సగంలో ఆగిపోయింది.

అందులో ఆయన వెతికి దొరకలేదన్న భాష ఆయన కావ్యంలో దొరికింది. నరకం, ప్రక్షాళన లోకం, స్వర్గం మీదుగా సాగే ఆ మహాకావ్యాన్ని ఫ్లోరెన్స్ మాట పునాదిగా, అవసరమైన చోట ఇతర సీమల పదాలనూ లాటిన్ పదాలనూ కలుపుకుని రాశాడు. సంతలో తిట్టే తిట్టు నుంచి వేదాంతం దాకా చెప్పలేనిది ఏదీ లేదని ఆ భాష నిరూపించుకుంది. 1321లో దాంతే రవెన్నాలో కన్నుమూశాడు. అచ్చుయంత్రం రాకముందు చేత్తో రాసిన ఆ కావ్యపు ప్రతులు ఇవాళ్టికీ దాదాపు 800 మిగిలి ఉన్నాయి. ఆ తరువాతి రెండు తరాల్లోపే పెట్రార్కు 366 కవితల సంపుటి, బొకాచ్చో 100 కథల ‘దెకామెరోన్’ వచ్చాయి.

ఈ ముగ్గురి వెనుక ఒక నగరం సిరి కూడా ఉంది. ఫ్లోరెన్స్ 1252లో ముద్రించిన బంగారు నాణెం ఫ్లోరిన్ యూరప్ అంతటా చెలామణి అయింది. అక్కడి వర్తకుడు లెక్కలు, ఉత్తరాలు, ఒప్పందాలు తన మాటలోనే రాసుకున్నాడు. 14వ శతాబ్దంలో తన నగరంలో 8 నుంచి 10 వేల మంది పిల్లలు చదవడం నేర్చుకుంటున్నారని చరిత్రకారుడు జొవాన్నీ విల్లానీ రాశాడు. ఇంతమంది పాఠకులున్న ఊరి మాటకు రచయితలు దొరకడంలో వింత లేదు.

1435లో పోపు కొలువు ఫ్లోరెన్స్‌లో ఉన్నప్పుడు అక్కడి పండితుల మధ్య ఒక చర్చ నడిచింది. పాతకాలపు రోమన్లు ఇంట్లో ఏ మాట మాట్లాడేవారు? పామరులది మొదటినుంచీ వేరే మాటేనని లెయొనార్దో బ్రూనీ అన్నాడు. అందరిదీ లాటినేనని, పరాయి దండయాత్రల వల్ల అది మారిందని ఫ్లావియో బియోందో అన్నాడు. భాష పుట్టుక గురించి ఇటలీలో జరిగిన తొలి పెద్ద వాదం ఇది. ఆ సభలో ఉన్న పోజ్జో బ్రాచ్చొలీనీ మనకు పరాయివాడు కాదు. విజయనగరాన్ని చూసివెళ్లిన వర్తకుడు నికొలో దె కొంతీ చెప్పిన ప్రయాణ వృత్తాంతాన్ని లాటిన్‌లో రాసిపెట్టింది ఆయనే.

దాదాపు అదే కాలంలో లెయోన్ బతీస్తా అల్బెర్తీ ఫ్లోరెన్స్ మాటకు వ్యాకరణం రాశాడు. లాటిన్‌కే కాదు, జనం మాటకూ నియమాలుంటాయని చూపించిన ఆ చిన్న పుస్తకం 1908 దాకా అచ్చు మొహం చూడలేదు.

వెనిస్ రాసిన నియమాలు

అచ్చుయంత్రం వచ్చాక సమస్య మారింది. ఒకే పుస్తకం వేల ప్రతులుగా అన్ని ఊళ్లకూ పోవాలంటే వర్ణక్రమం ఒకటిగా ఉండాలి. ఇటలీలో అచ్చుకు రాజధాని వెనిస్. అక్కడ ఆల్దుస్ మనూత్సియో 1501లో పెట్రార్కునూ 1502లో దాంతేనూ చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలుగా అచ్చేశాడు. ఆ రెండింటినీ పరిష్కరించినవాడు వెనిస్ కులీనుడు పియేత్రో బెంబో.

ఏ మాట రాయాలన్నది అప్పుడు పెద్ద రగడ. దర్బారుల్లో నలుగురూ మాట్లాడే మేలిమి మాట రాయాలని రచయిత కాస్తిల్యోనె అన్నాడు. ఇవాళ్టి సజీవమైన ఫ్లోరెన్స్ మాటే రాయాలన్నది మకియవెల్లీ పేరుతో వచ్చిన సంభాషణ వాదం. బెంబో 1525లో అచ్చువేసిన గ్రంథంలో తన తీర్పు చెప్పాడు. కవిత్వానికి పెట్రార్కు, వచనానికి బొకాచ్చో ప్రమాణం. అంటే అప్పటికి దాదాపు రెండు శతాబ్దాల కిందటి ఫ్లోరెన్స్ మాట. అప్పటి ఫ్లోరెన్స్ వీధిలో మాట్లాడే మాట కాదు.

ఈ వాదమే గెలిచింది. కారణం ఉంది. వెనిస్ వాడికైనా నేపుల్స్ వాడికైనా ఫ్లోరెన్స్ వెళ్లి మాట నేర్చుకోవడం కష్టం, పుస్తకం కొనుక్కోవడం తేలిక. ఫెరారా కవి అరియోస్తో తన ‘ఒర్లాందో ఫురియోజో’ను 1516లో తన సీమ వాసనలతో అచ్చేసి, బెంబో నియమాలకు తగ్గట్టు పంక్తి పంక్తీ దిద్దుకుని 1532లో మళ్లీ అచ్చేశాడు. దేశం లేదు, రాజు లేడు, రాజధాని లేదు. ఉన్నది ఒక వ్యాకరణం, మూడు పుస్తకాలు. వాటి చుట్టూ ఒక భాష కుదురుకుంది.

దీనికి ఫ్లోరెన్స్ తరువాత తన వంతు చేర్చింది. 1583లో రూపుదిద్దుకున్న అక్కాదెమియా దెల్లా క్రూస్కా అనే పండిత సభ తవుడు పేరు పెట్టుకుని, పిండి జల్లించే యంత్రాన్ని గుర్తుగా ఎంచుకుంది. మంచి మాటను జల్లించి తీయడమే తమ పని అని సభ్యుల భావం. వారి నిఘంటువు 1612లో వెనిస్‌లో అచ్చయింది. ఫ్రెంచి అకాడమీ నిఘంటువు 1694లో వచ్చేదాకా యూరప్‌లో ఒక జీవభాషకు మరే అకాడమీ ఇంతటి ప్రయత్నం చేయలేదు.

బెంబో గెలుపుకు మూల్యం కూడా ఉంది. రాసే భాష పుస్తకాల్లో భద్రంగా నిలిచింది గానీ నోళ్లలోకి రాలేదు. గెలీలియో 1632లో విశ్వవ్యవస్థల మీద సంభాషణను ఇటాలియన్‌లో రాసి ఆ భాషను శాస్త్రానికి పనికొచ్చేలా చేశాడు. జనం మాత్రం ఎవరి ఇంటి మాటలో వాళ్లే బతికారు. ఆ మాటల్లో గొప్ప సాహిత్యమూ పుట్టింది. బజీలె నేపుల్స్ భాషలో రాయగా 1630ల్లో వెలువడిన కథల్లో సిండ్రెల్లా కథకు యూరప్‌లోని తొలి లిఖిత రూపాల్లో ఒకటి ఉంది. గోల్దోనీ 18వ శతాబ్దంలో వెనిస్ భాషలో రాసిన హాస్యనాటకాలు నేటికీ ఆడుతున్నారు.

మిలాన్ నవలాకారుడు ఆర్నో ఒడ్డుకు వెళ్లాడు

పుస్తకాల భాషను బతికిన మాటకు దగ్గర చేసినవాడు అలెస్సాంద్రో మంజోనీ. ఆయనకు ఇంట్లో మిలాన్ మాట, చదువులో ఫ్రెంచి. ‘ఇ ప్రొమెస్సీ స్పోజీ’ నవలను 1827లో అచ్చేసి, అందులోని భాష తనకే కృత్రిమంగా తోచి ఫ్లోరెన్స్ వెళ్లాడు. చదువుకున్న ఫ్లోరెన్స్ వాసులు రోజూ మాట్లాడే మాటను శ్రద్ధగా విని, నవలంతా తిరగరాసి 1840-42లో మళ్లీ వెలువరించాడు. తన బట్టలను ఆర్నో నదిలో జాడించుకోవడం అని ఆ పనికి ఇటలీలో పేరు పడింది. ఆ నవల తరతరాలుగా బడిపుస్తకమైంది.

1861లో ఇటలీ ఒక రాజ్యమైంది. తొలి రాజు విత్తోరియో ఎమనూయెలె పియెమోంతె మాట మాట్లాడేవాడు. ఏకీకరణకు సూత్రధారి కావూర్‌కు ఫ్రెంచిలో ఎక్కువ చులాగ్గా ఉండేది. జనంలో నూటికి 75 మందికి పైబడి చదవడం రాయడం రాదు. అప్పుడు ఇటాలియన్ వచ్చినవాళ్లు నూటికి రెండున్నర మందేనని భాషావేత్త తూల్యో దె మౌరో 1963లో అంచనా వేశాడు. తస్కనీ వాళ్లను పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే దాదాపు పది మంది ఉంటారని అర్రీగో కస్తెల్లానీ 1982లో సవరించాడు. ఏ లెక్క తీసుకున్నా, దేశభాష దేశంలో నూటికి కనీసం తొంభై మందికి పరాయి భాష.

ఆ భాషను ఎలా వ్యాప్తి చేయాలని మంత్రి అడిగితే, 1868లో మంజోనీ నివేదిక ఇచ్చాడు. నేటి ఫ్లోరెన్స్ మాటే ప్రమాణం కావాలన్నాడు. గొరీత్సియాలో పుట్టిన భాషావేత్త గ్రాత్సియాదియో అస్కోలీ 1873లో దాన్ని ఖండించాడు. పైనుంచి ఒక ఊరి మాట రుద్దితే భాష రాదు, చదువు విస్తరించి నలుగురి మేధ కలిసినప్పుడే వస్తుంది అన్నాడు. తరువాతి నూరేళ్లు అస్కోలీ మాటనే నిజం చేశాయి. 1877 చట్టంతో నిర్బంధ చదువు గట్టిపడింది. పటాలంలో కలాబ్రియా యువకుడూ వెనెతో యువకుడూ ఒకే గుడారంలో ఉండాల్సి వచ్చింది. 1876 నుంచి 1915 దాకా దాదాపు కోటీ 40 లక్షల మంది వలస వెళ్లి, ఇంటికి ఉత్తరం రాయడానికి అక్షరం విలువ తెలుసుకున్నారు. 1954 జనవరి 3న టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. 1960 నుంచి 1968 దాకా అల్బెర్తో మంజీ అనే పంతులు టీవీలో బోర్డు ముందు నిలబడి చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పాడు.

చెల్లెళ్ల సంగతి

ఇటాలియన్ నోటిభాష అయిన కాలంలోనే మిగతా భాషలకు గడ్డుకాలం వచ్చింది. ఫాసిస్టు ప్రభుత్వం 1930ల్లో వాటిని బడినుంచీ పత్రికలనుంచీ తరిమింది. తరువాత వాటిని తల్లిదండ్రులే పిల్లల దగ్గర దాచడం మొదలుపెట్టారు, బడిలో వెనకబడతారన్న భయంతో. అదృష్టవశాత్తూ ఇద్దరు స్విస్ పండితులు యాబెర్గ్, యూద్ ముందే మేలుకున్నారు. వాళ్లు పంపిన పరిశోధకులు సుమారు 400 ఊళ్లకు వెళ్లి, రైతుల దగ్గర కూర్చుని, పనిముట్ల పేర్లు, వంట పేర్లు, వాక్యాలు రాసుకొచ్చారు. 1928-1940 మధ్య ఎనిమిది సంపుటాల్లో 1,700కి పైగా పటాలతో అచ్చయిన ఆ భాషా అట్లాస్ ఇవాళ్టికీ ఈ రంగంలో మూలాధారం.

1999లో ఇటలీ చేసిన 482వ చట్టం 12 అల్పసంఖ్యాక భాషలకు రక్షణ ఇచ్చింది. సార్డీనియన్, ఫ్రియులియన్, లదీన్ అందులో ఉన్నాయి. సిసిలియన్, నేపుల్స్ భాష, వెనిస్ భాష, పియెమోంతె భాష లేవు. లదీన్‌కు దగ్గరి బంధువైన రొమాన్ష్‌ను స్విట్జర్లాండ్ 1938లోనే ప్రజాభిప్రాయంతో జాతీయ భాషగా ఒప్పుకుంది. వెనెతో వలసదారులు బ్రెజిల్‌కు తీసుకెళ్లిన తాలియాన్‌ను బ్రెజిల్ 2014లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. పుట్టిన దేశంలో దొరకని గుర్తింపు దాటి వెళ్లిన చోట దొరికింది.

2015లో ఇటలీ గణాంక సంస్థ లెక్క ప్రకారం ఇంట్లో ప్రధానంగా ఇటాలియన్ మాట్లాడేవారు నూటికి 46 మంది దాకా ఉన్నారప్పుడు. 32 మంది ఇటాలియన్‌నూ తమ సీమ మాటనూ కలిపి మాట్లాడేవారు. 14 మంది ప్రధానంగా తమ సీమ మాటే మాట్లాడేవారు. ఇటాలియన్‌కు ఇక వేరే రక్షణ అవసరం లేదు. అవసరమున్నది మిగతావాటికి.

వాటిని చెడిపోయిన ఇటాలియన్ అనడం చరిత్రకు విరుద్ధం. ఇటాలియన్‌కు తొలి దస్తావేజు కంపానియా ఇచ్చింది, తొలి కవితా సంప్రదాయం సిసిలీ ఇచ్చింది, నియమాలు వెనిస్ ఇచ్చింది, నవల మిలాన్ ఇచ్చింది. ఆ భాషలకు చట్టంలో చోటు, బడిలో గంట ఇవ్వడం ఇటలీ వాటి మీద చూపే దయ కాదు. వాటికి బాకీ ఉన్నది చెల్లించడం. మాట్లాడేవాళ్లు ఉన్నప్పుడే అది చెల్లించాలి.